ప్రశ్న మీది, జవాబు మాది: విదేశీ ఫొటో ఉత్సవంలో మన బొమ్మలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. బయటి దేశాల ఫొటో ఉత్సవాల్లో ప్రదర్శన ఎలా పెట్టాలి, పెడితే ఒరిగేదేమిటి? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాం.

పదిహేనేళ్లుగా పెళ్లిళ్ల ఫొటోలు తీస్తున్నాను. పనికి లోటు లేదు కానీ కెమెరా పట్టుకుంటే మునుపటి ఉత్సాహం రావడం లేదు. సలోన్ అనే ఫొటో పోటీలకు పంపి, అంతర్జాతీయ ఫొటో సమాఖ్య ఇచ్చే ఏఎఫ్ఐఏపీ బిరుదు కూడా తెచ్చుకున్నాను. విదేశంలో ప్రదర్శన పెడితే మళ్లీ ఊపు వస్తుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
*– ఒక ఫొటోగ్రాఫర్, తణుకు*

వస్తుంది. అయితే అది గోడ మీద మీ పేరు చూసుకున్నప్పుడు వచ్చేది కాదు, అక్కడికి చేరే లోపు మీరు చేయక తప్పని పనిలో వస్తుంది. సలోన్‌కు ఒక్కో ఫొటో విడిగా పంపుతాం. జడ్జి కొన్ని క్షణాలు చూసి మార్కు వేస్తాడు. కాబట్టి ఒక్క చూపులో కొట్టొచ్చినట్టు కనబడే బొమ్మే గెలుస్తుంది: గాల్లో విచ్చుకున్న వల, పొగలోంచి దిగే ఎండ కిరణాలు, ముడతల ముసలి ముఖం. ఏళ్ల తరబడి దీనికే అలవాటు పడితే కన్ను అవే వెతుకుతుంది, విసుగు కూడా అక్కడే పుడుతుంది. ఉత్సవం వాళ్లు అడిగేది ఒకే విషయం మీద పదిహేనో ఇరవయ్యో ఫొటోలు, వాటి మధ్య నడిచే దారం, అది మీరే ఎందుకు తీయాల్సి వచ్చిందన్న నాలుగు మాటలు. బిరుదులు వాళ్లు పెద్దగా పట్టించుకోరు. దరఖాస్తులో రాస్తే తప్పు లేదు, దాని వల్ల ఎంపిక కూడా జరగదు.

మొదలు హైదరాబాద్‌లోనే పెట్టండి. 2015 నుంచి ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోంది, మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ దాని ప్రధాన వేదిక. బయటి దేశాల ఫొటోగ్రాఫర్లు, ప్రదర్శనకు బొమ్మలు ఎంపిక చేసే క్యూరేటర్లు అక్కడికే వస్తారు. వాళ్ల ముందు బొమ్మలు పరచడానికి వీసా అక్కర్లేదు.

ఆ తర్వాత పొరుగు దేశాలు. నేపాల్‌లో ఫొటో కాఠ్మాండూ 2015లో మొదలైంది. పాటన్ పాత వీధుల్లో, బయటి గోడల మీద బొమ్మలు పెట్టడం దాని ప్రత్యేకత. మనకు వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే చాలు. ఢాకాలో ఛొబి మేళా 2000లో మొదలైంది, దృక్ అనే ఫొటో సంస్థ, ‘పాఠశాల’ అనే ఫొటోగ్రఫీ బడి దాని వెనక ఉన్నాయి. కాంబోడియాలోని సియెం రీప్‌లో 2005 నుంచి అంకోర్ ఫొటో ఫెస్టివల్ నడుస్తోంది. ఆసియా ఫొటోగ్రాఫర్లకు అది పెట్టే వర్క్‌షాపుకు ఫీజు లేదు, దారి ఖర్చు మాత్రం మనది. మీలాంటివారికి మా ఓటు దీనికే. కొద్దిరోజుల్లో ఒక కొత్త విషయం ఎంచుకుని, తీసి, ఏరి చూపించాల్సి వస్తుంది కాబట్టి పెళ్లి మంటపం అలవాట్లు చాలా వరకు ఊడిపోతాయి.

పెద్ద పేర్లంటే ఫ్రాన్స్‌లోని ఆర్ల్ (1970 నుంచి, జూలై మొదట్లో మొదలై సెప్టెంబరు చివరి దాకా), అక్కడే పెర్పిన్యాఁలో జరిగే వీసా పూర్ లిమాజ్ (1989 నుంచి, పత్రికా ఫొటోగ్రఫీకి మాత్రమే), జపాన్‌లోని క్యోటోగ్రఫీ (2013 నుంచి, వసంతంలో). ఆర్ల్ ప్రధాన కార్యక్రమంలోకి దరఖాస్తు పెట్టుకుని దూరడం దాదాపు జరగని పని, అక్కడ క్యూరేటర్లే పిలుస్తారు. కానీ ప్రారంభ వారంలో డబ్బు కట్టి పోర్ట్‌ఫోలియో రివ్యూలో కూర్చోవచ్చు, అంటే మీ బొమ్మలు నిపుణులకు ఎదురుగా చూపించి అభిప్రాయం అడగొచ్చు. ఊళ్లో విడిగా జరిగే చిన్న ప్రదర్శనలూ ఉంటాయి. క్యోటోలో ప్రధాన ఉత్సవం పక్కనే నడిచే కేజీ ప్లస్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒక హెచ్చరిక. మీరు పంపకుండానే ‘మీ ఫొటో ఎంపికైంది, గోడకు ఇన్ని యూరోలు కట్టండి’ అంటూ మెయిల్ వస్తే అది గోడ అద్దె వ్యాపారం. దరఖాస్తుకు కొద్దిపాటి ఫీజు అడగడం మామూలే. ఎంపికయ్యాక వేలాడదీయడానికి డబ్బు అడిగితే ఆలోచించండి. సంతకం పెట్టే ముందు ఈ సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోండి: ప్రింటు ఖర్చు ఎవరిది, బీమా ఎవరు చేస్తారు, ప్రదర్శన అయ్యాక ప్రింట్లు ఏమవుతాయి, ప్రచారానికి మీ ఫొటోలను ఎంతకాలం వాడుకుంటారు. ‘శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో’ అన్న మాట ఒప్పందంలో కనబడితే కొట్టేయించండి. ఏడాది, ఈ ఉత్సవ ప్రచారం వరకే అన్నది న్యాయమైన షరతు.

బతుకమ్మ మీద ఆరేళ్లుగా తీసిన తొమ్మిది వందల ఫొటోలు ఉన్నాయి. ఇరవై పంపమన్నారు. ఏవి పంపాలో తేలడం లేదు.
*– ఒక పాఠకురాలు, వరంగల్*

కంప్యూటర్ తెర మీద ఇది తేలదు. మొదటి ఏరివేతలో ఎనభై తీసి, మామూలు ల్యాబ్‌లో 4×6 ప్రింట్లు వేయించి నేల మీద పరచండి. ఒకే మాట చెబుతున్న బొమ్మలను గుట్టలుగా పెట్టండి. పై నుంచి తీసిన పూల వలయాలు ఒక గుట్ట, చప్పట్లు కొడుతూ తిరిగే చేతులు ఒకటి, చెరువు గట్టు ఒకటి. ప్రతి గుట్టలోంచి ఒకటే ఉండాలి, మహా అయితే రెండు. ఇక్కడే ఏడుపొస్తుంది, ఎందుకంటే మీకు బాగా నచ్చిన పది ఒకే గుట్టలో ఉంటాయి.

బయటి దేశాల ఎంపికదారులు ‘రంగుల భారతదేశం’ ఫొటోలు చూసి చూసి ఉన్నారు. పట్టుచీరలు, పూలు, నవ్వులు మాత్రమే ఉంటే మీ పని పర్యాటక శాఖ క్యాలెండర్‌లా కనబడుతుంది. మీ తొమ్మిది వందల్లో ఇవి ఉన్నాయేమో వెతకండి: పొద్దున్నే తంగేడు కోసం పొలం గట్ల వెంట తిరిగే పిల్లలు, బకెట్‌లోని రంగు నీళ్లలో ముంచి తీసిన గునుగు కట్టలు, రంగు అంటిన గోళ్లు, సద్దుల మర్నాడు చెరువు ఒడ్డున వాడిపోయి చేరిన పూలు. పండుగ వెనక చాకిరీ, పండుగ తర్వాతి నిశ్శబ్దం తెలిసిన మనిషి మాత్రమే తీయగలిగినవి అవి. లేకపోతే కంగారు పడకండి, బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస ఏటా వస్తుంది. ఏం తీయాలో ఈసారి ముందే తెలిసి వెళ్తారు.

మిగిలినవాటికి వరుస కట్టండి. మొదటి ఫొటో చూసేవాడిని లోపలికి పిలవాలి, అంతా చెప్పేయకూడదు. దూరపు దృశ్యం పక్కన దగ్గరి వివరం, గుంపు పక్కన ఒంటరి మనిషి ఉంటే కన్ను అలసిపోదు. వారం రోజులు గోడకు అంటించి ఉంచండి. రోజూ దాటిపోతుంటే బలహీనమైనవి వాటంతట అవే కనబడతాయి. తర్వాత బతుకమ్మ అంటే ఏమిటో తెలియని మనిషికి మాట చెప్పకుండా చూపించండి. ఎక్కడ ఆగుతారో, ఎక్కడ గబగబా దాటేస్తారో గమనిస్తే చాలు.

వివరణ ఇంగ్లీషులో 150 నుంచి 200 పదాలు. మొదటి వాక్యంలోనే ఎవరు, ఎక్కడ, ఏం చేస్తారో ఉండాలి. ‘సంస్కృతి’, ‘వారసత్వం’ లాంటి మాటలు తీసేసి చదవండి. ఏమీ మిగలకపోతే మళ్లీ రాయండి. చిన్నపిల్లల ఫొటోలుంటే తల్లిదండ్రుల అనుమతి కాగితం దగ్గర పెట్టుకోండి, ఐరోపాలో తప్పకుండా అడుగుతారు.

24 మెగాపిక్సెళ్ల కెమెరా. ఎంత పెద్ద ప్రింటు వేయొచ్చు? ఇక్కడ వేయించి పట్టుకెళ్లాలా, అక్కడే వేయించాలా? గతంలో ఇక్కడి ప్రదర్శనకు ఇచ్చిన ప్రింట్లు నల్లగా వచ్చాయి, ఫ్రేములో అలలు అలలుగా లేచాయి.
*– ఒక ఔత్సాహికుడు, విశాఖపట్నం*

మీ ఫైలు సుమారు 6000×4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 చొప్పున వేస్తే 20×13 అంగుళాలు వస్తుంది, 200 చొప్పున 30×20. నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే గోడ ప్రింటుకు 200 చాలు. 40 అంగుళాల వెడల్పు కావాలంటే 150కి పడిపోతుంది. మంచు, పొగ, చీకటి ఉన్న బొమ్మలు దానికి తట్టుకుంటాయి, జుట్టూ నేతా ఆకులూ ఉన్నవి తేలిపోతాయి. అన్నీ ఒకే సైజు వేయాలని కూడా లేదు. రెండు మూడు పెద్దవి, మిగిలినవి 12×18 వేస్తే గోడకు ఊపిరి ఉంటుంది, ఖర్చూ తగ్గుతుంది.

నల్లగా రావడానికి కారణం ప్రింటరు కాకపోవచ్చు, మీ మానిటరు వెలుగు. కొత్త తెరలు దుకాణం నుంచి వచ్చినప్పుడు మరీ వెలుగుగా ఉంటాయి. దాని మీద చూసి సరిచేస్తే ఫైలు చీకటిగా మిగిలిపోతుంది. తెరను కొలిచి సరిచేసే క్యాలిబ్రేటరుతో వెలుగును చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్యకు తీసుకురండి. ల్యాబ్‌ను వాళ్ల కాగితానికి సంబంధించిన ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా పడతాయో చెప్పే ఫైలు) అడిగి తీసుకుని సాఫ్ట్ ప్రూఫ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూడండి. అయినా నమ్మకండి. ప్రతి బొమ్మలో ముఖ్యమైన చోటు నుంచి నాలుగు అంగుళాల పట్టీ అదే కాగితం మీద వేయించి, గ్యాలరీ దీపంలాంటి వెలుగులో చూసి అప్పుడు పూర్తి సైజుకు వెళ్లండి. పట్టీకి పెట్టే ఖర్చు పాడైన పెద్ద ప్రింటు ముందు ఎంత!

అలలు లేవడం తేమ పని. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) పైబడిన, పత్తితో చేసిన కాటన్ ర్యాగ్ కాగితం విశాఖ గాలిలో తేమ పీల్చి సాగుతుంది. నాలుగు అంచులూ టేపుతో బిగిస్తే సాగడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది. వెనక అట్టకు పై అంచున రెండు చోట్ల మాత్రమే అంటించాలి, మిగిలినది స్వేచ్ఛగా వేలాడాలి. ప్రింటు తీసిన వెంటనే ఫ్రేము కట్టకండి. కనీసం ఒక పూర్తి రోజు ఆరనివ్వాలి, లేకపోతే సిరాలోని ద్రావకాలు ఆవిరై అద్దం లోపలి వైపు మసకలా పడతాయి.

ఇక ఎక్కడ వేయించాలన్నది. ఉత్సవం వాళ్లే అక్కడ వేస్తామంటే సంకోచించకుండా ఒప్పుకోండి. అడోబ్ ఆర్‌జీబీలో టిఫ్ ఫైళ్లు పంపి, వాటితో పాటు మీరు ఒప్పుకున్న రంగు ఉన్న ఎ4 ప్రింట్లు కొరియరులో పంపండి. ఆ కాగితం ముక్క లేకపోతే ‘పసుపు కొంచెం తగ్గించండి’ అని ఎన్ని మెయిళ్లు రాసినా పని కాదు. ప్రదర్శన అయ్యాక ఆ ప్రింట్లు ధ్వంసం చేసి, చేసినట్టు ఫొటో పంపాలని ఒప్పందంలో రాయించండి. వెనక్కి తెప్పించుకునే ఖర్చు మళ్లీ వేయించుకునే ఖర్చును మించిపోతుంది.

మీరే పట్టుకెళ్లాల్సి వస్తే చుట్టి తీసుకెళ్లండి. అద్దం, ఫ్రేము జోలికి పోవద్దు. 24×36 ప్రింటును 24 అంగుళాల అంచు గొట్టం పొడవున ఉండేలా చుడితే 28 అంగుళాల గొట్టం సరిపోతుంది. ప్లంబింగ్ సామాన్ల షాపులో దొరికే 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, రెండు మూతలు తీసుకోండి. 110 పైపులో మందపాటి కాగితం బిగువుగా చుట్టుకుపోయి, తీశాక చదును కాదు. ప్రింటుకూ ప్రింటుకూ మధ్య గ్లాసిన్ అనే నున్నటి పల్చటి కాగితం వేయండి, దినపత్రిక వేయొద్దు, సిరా అంటుతుంది. మ్యాట్ కాగితం మీద నల్లటి భాగాలు రాపిడికి తెల్లగా గీసుకుపోతాయి కాబట్టి చుట్ట లోపల కదలకూడదు. ఏసీ గదిలో, సిలికా జెల్ పొట్లాలు వేసి మూత బిగించండి. అక్కడ దిగాక విప్పి, శుభ్రమైన కాగితాల మధ్య బరువు కింద ఒక రోజు ఉంచాలి. ఎండాకాలం దక్షిణ ఫ్రాన్స్ గాలి పొడిగా ఉంటుంది, తొందరపడి తగిలిస్తే అంచులు లోపలికి ముడుచుకుంటాయి.

గోడ కొలతలు ముందే తెప్పించుకుని 1:20 కొలతలో గీసుకోండి, అదీ సెంటీమీటర్లలో. బొమ్మ నడిమధ్య నేల నుంచి 150 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. 60 సెంటీమీటర్ల ఎత్తు ఫ్రేముకు, తగిలించే కొక్కెం పై అంచు నుంచి 5 సెంటీమీటర్లు కిందికి ఉంటే, మేకు 150+30–5, అంటే 175 దగ్గర. ఈ లెక్క రాసుకుని వెళ్తే అక్కడి పనివాళ్లతో భాష రాకపోయినా పని జరిగిపోతుంది.

వీసా, కస్టమ్స్ సంగతి చెప్పండి. ఫ్రాన్స్ నుంచి ఆహ్వానం వచ్చింది.
*– ఒక లెక్చరర్, గుంటూరు*

ఫ్రాన్స్‌తో పాటు చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంజెన్ స్వల్పకాల వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందు దాకా తీసుకుంటారు. జూలైలో వెళ్లేవారు ఆ పదిహేను రోజుల మాట మరచిపోండి. వేసవి సెలవుల రద్దీలో అపాయింట్‌మెంటే దొరకదు, మార్చిలోనే మొదలుపెట్టాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు ఫీజు 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ అదనం. 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. తిరుగు ప్రయాణం తేదీ దాటి కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఆహ్వాన పత్రంలో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటి పేరుతో సహా పడేలా చూసుకోండి. మన ఇంటి పేర్లు ముందూ వెనకా అవడం వల్ల వచ్చే తలనొప్పి ఇంతా అంతా కాదు. తేదీలు, బస ఖర్చు ఎవరిదన్నది కూడా అందులో ఉండాలి.

చుట్టిన ప్రింట్లు కొన్నే అయితే ఆహ్వాన పత్రం నకలు, ప్రింట్ల జాబితా, ఒక్కోదానికి నిజమైన తయారీ విలువ రాసిన కాగితం వెంట ఉంచుకోండి. అడిగితే చూపించండి, దాచొద్దు. ఫ్రేములు కట్టిన పెద్ద ప్రదర్శన అయితే ఏటీఏ కార్నెట్ (సుంకం కట్టకుండా సరుకు తాత్కాలికంగా తీసుకెళ్లి తెచ్చే పత్రం) తీసుకోవాలి. మన దేశంలో దాన్ని వాణిజ్య సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది, ఏడాది దాకా చెల్లుతుంది, పూచీకత్తు కట్టాలి. దాని మీద వెళ్లిన సరుకు మొత్తం తిరిగి రావాలి. అమ్మాలనే ఉద్దేశం ఉంటే ఆ దారి పనికిరాదు. చెక్కపెట్టెలో పంపితే ఆ చెక్కను 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడిచేసినట్టు, చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన నిబంధన ప్రకారం ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, లేదంటే రేవులోనే ఆపేస్తారు. ప్లైవుడ్‌కు ఆ నిబంధన లేదు, అందుకే తెలిసినవాళ్లు ప్లైవుడ్ పెట్టె చేయిస్తారు.

మీ కెమెరా, లెన్సుల సీరియల్ నంబర్లతో బయల్దేరే ముందు శంషాబాద్ కస్టమ్స్ కౌంటర్లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగి వచ్చినప్పుడు ‘అక్కడ కొన్నారా’ అన్న ప్రశ్నకు అదే జవాబు. సామాన్లు చెక్-ఇన్‌లో వేశాక గుర్తొస్తే లాభం లేదు.

ఎంపికయ్యాను. ప్రారంభానికి వెళ్లి ఫొటోలు దిగి రావడం తప్ప అక్కడ ఇంకేం చేయాలి? ఖర్చు పెట్టి వెళ్తున్నాను, ఏదో ఒకటి తెచ్చుకోవాలి కదా.
*– ఒక పాఠకుడు, నిజామాబాద్*

మంచి ప్రశ్న. చాలామంది రిబ్బన్ కత్తిరించిన మర్నాడే ఐఫెల్ టవర్ దగ్గర తేలుతారు.

ప్రారంభ వారం మొత్తం ఉండండి. క్యూరేటర్లు, పుస్తక ప్రచురణకర్తలు అప్పుడే వస్తారు, తర్వాత సందర్శకులే మిగులుతారు. ఆర్ల్‌లో ఆ వారం గదులు నెలల ముందే అయిపోతాయి. నీమ్‌లోనో అవిన్యాఁలోనో దిగితే రైల్లో అరగంట లోపే, కానీ జూలైలో అక్కడ తొమ్మిదిన్నర దాకా పొద్దు గుంకదు. పాత రోమన్ థియేటర్లో తెర మీద ఫొటోలు వేసే కార్యక్రమం ఆ తర్వాతే మొదలవుతుంది. చివరి రైలు చూసుకోకపోతే స్టేషన్లో జాగారమే.

రోజుకు ఒక గంట మీ గోడ దగ్గర, మెడలో బ్యాడ్జి లేకుండా, ఊరికే సందర్శకుడిలా నిలబడండి. ఎవరు ఏ బొమ్మ ముందు ఎంతసేపు ఆగారో చిన్న పుస్తకంలో గీత పెట్టుకోండి. మీరు గొప్పదనుకున్న బొమ్మ దగ్గర ఎవరూ ఆగకపోవడం, వరుస నింపడానికి పెట్టినదాని ముందు ఒక ముసలావిడ పది నిమిషాలు నిలబడిపోవడం చూస్తారు. ఏ తరగతీ ఇది నేర్పదు.

పోర్ట్‌ఫోలియో రివ్యూ అయితే మామూలుగా ఒక్కొక్కరికి 20 నిమిషాలు. ఎ4 లేదా అంతకు కాస్త పెద్ద ప్రింట్లు 15 నుంచి 20 పెట్టెలో పెట్టుకెళ్లండి. ఫోను, ట్యాబ్ వద్దు. రెండు నిమిషాలు మాట్లాడి బొమ్మలు వాళ్ల చేతికిచ్చి ఊరుకోండి. మనవాళ్లు చేసే తప్పు ఏమిటంటే ఒక్కో ఫొటో వెనక పడ్డ కష్టం చెప్పుకుంటూ పోవడం, టైము అయిపోతుంది. ‘ఎలా ఉన్నాయి’ అంటే ‘బాగున్నాయి’ అనే అంటారు. ‘ఇందులో ఏ ఐదు తీసేయొచ్చు?’ అనండి, అసలు మాట బయటికొస్తుంది. వెళ్తూ ఒక ఫొటో ఉన్న కార్డు ఇచ్చి, రెండు వారాల్లోపు మూడు వాక్యాల మెయిల్ పెట్టండి.

మిగిలిన సమయం ఇతరుల పని చూడటానికి. అన్నీ చూడాలని పరుగెత్తితే సాయంత్రానికి ఏదీ గుర్తుండదు, రోజుకు నాలుగైదు ప్రదర్శనలు చాలు. బొమ్మతో పాటు అది ఉన్న చోటును చూడండి. ఆర్ల్‌లో పాత చర్చీలూ రైల్వే వర్క్‌షాపులూ, క్యోటోలో చెక్క ఇళ్లూ, కిమోనో నడికట్లు అమ్మే తరాల నాటి వ్యాపారి ఇల్లూ ప్రదర్శనశాలలవుతాయి. మసక వెలుగు గదిలో చిన్న ప్రింటు ఎందుకు పెట్టారు, ఫొటోను గుడ్డ మీద ఎందుకు వేశారు అని అడగండి. ఎవరి పని చూసి మీకు అసూయ కలిగిందో ఆ పేరు రాసుకోండి. మెచ్చుకున్నవాటి కంటే అసూయపడ్డవి మీ తర్వాతి పనికి ఎక్కువ పనికొస్తాయి.

తిరిగి వచ్చిన నెల రోజుల్లోపు, ఆ పుస్తకంలోని గీతలు చల్లారక ముందే, ఇంటి నుంచి పది కిలోమీటర్ల లోపు ఉన్న ఒక్క విషయం ఎంచుకుని తీయడం మొదలుపెట్టండి. గోదావరి ఇసుక రేవో, బీడీలు చుట్టే వీధో మీకు అందుబాటులోనే ఉన్నాయి.

హ్యూస్టన్‌లో ఉంటున్నాను. ఇక్కడే ఏదైనా ఉందా?
*– ఒక పాఠకుడు, టెక్సస్*

మీ ఊళ్లోనే ఫొటోఫెస్ట్ ఉంది. 1983లో పుట్టిన సంస్థ, 1986 నుంచి రెండేళ్లకోసారి ఉత్సవం. 2018లో ప్రధాన ప్రదర్శన మొత్తం భారతీయ ఫొటోగ్రఫీకే ఇచ్చారు. పోర్ట్‌ఫోలియో రివ్యూలకు పేరున్న చోటు, విమానం ఖర్చు లేదు, ఇక సాకులు చెప్పకండి.

పెళ్లిళ్లలో తీసిన ఫొటోలతోనే సిరీస్ చేసి విదేశాలకు పంపొచ్చా? తీసింది నేనే కదా.
*– ఒక పాఠకుడు, కరీంనగర్*

తీసింది మీరే అయినా హక్కు మీది కాకపోవచ్చు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి బుకింగ్ ఫారంలోనే ‘ప్రదర్శనలకు, పుస్తకాలకు వాడుకునే హక్కు ఫొటోగ్రాఫర్‌ది’ అని తెలుగులో ఒక వాక్యం చేర్చి సంతకం తీసుకోండి. పాత పెళ్లిళ్లవైతే ఆ కుటుంబాల దగ్గరికి వెళ్లి, పంపబోయే ఫొటో ప్రింటు చూపించి, దాని వెనకే అనుమతి రాయించుకోండి. ఫోటోలో ప్రముఖంగా కనబడేవారి సంతకం కూడా ఉంటే మంచిది.